ధైర్యం చెప్పి పంపాను

జూన్ 3, సోమవారం

పని నాకే వచ్చింది. ఇంకెవరికి వస్తుంది అని రాసుకోవడం బాగుండదు గానీ, ఇది నా పుస్తకం, చదివేది నేనే. కాబట్టి రాసుకుంటాను. ఇంకెవరికి వస్తుంది?

మేట్రన్ గారు పిలిచి కూర్చోబెట్టి చెప్పారు. పోయినేడు కాలేజీ నుంచి నేరుగా వచ్చి చేరిన నర్సుల్లో సగానికి పైగా ఏడాది తిరక్కుండానే మానేశారు. కొందరు వేరే ఆసుపత్రులకి, కొందరు ఏకంగా వేరే పనులకి. ఒకమ్మాయి బట్టల షాపులో కనిపించిందట. ఇదేంటమ్మా అంటే, "ఇక్కడా నిలబడటమే మేడమ్, కానీ ఎవరూ చచ్చిపోరు" అందట. ఈసారి బ్యాచ్ కూడా జారిపోతే యాజమాన్యం ఇక కొత్తవాళ్లని తీసుకోదు, ఏజెన్సీ నుంచి రోజువారీ మనుషుల్ని తెచ్చుకుంటుంది. అందుకని ఒక్కో కొత్తమ్మాయికి ఒక్కో సీనియర్ నర్సుని తోడు పెడతారు. తోడుండటం ఎలాగో ఆ సీనియర్లకి నేను నేర్పాలి. వాళ్లని మెంటర్లు అంటారు.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య "మెంటలా?" అన్నారు. ఈయన షాపు తాళాలు మేకుకి తగిలిస్తూ, "రెండూ ఒకటేలే అమ్మా" అన్నారు. నవ్వుకోనీ. సర్జరీ వార్డులో ఇన్నేళ్లలో ఒక్క జూనియర్ని నేను కసురుకోలేదు. నా దగ్గర ఏడ్చిన పిల్ల లేదు. అది అందరికీ వచ్చే విద్య కాదు.

జూన్ 5

మెంటర్ల పేర్లు వచ్చాయి. అందులో మేజర్ కూడా ఉంది.

జూన్ 6

మేట్రన్ గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. మేజర్ అని ఆవిడకి పేరు ఊరికే రాలేదు. మా పక్క వార్డు ఆవిడది. గోడ అవతల ఆవిడ కేకేస్తే ఇటువైపు నా పేషెంట్లు లేచి కూర్చుంటారు. పని తెలుసు, కాదనను. కానీ కొత్తపిల్లలు పారిపోయేది ఇలాంటి నోటికి భయపడే కదా. "ఆవిడని పెట్టుకుని ఈ పని చేయడమంటే గొంగట్లో కూర్చుని తింటూ వెంట్రుకలు ఏరుకోవడమే" అన్నాను.

"ఆవిడకీ నేర్పండి. అందుకేగా మీరు" అన్నారు మేట్రన్ గారు.

సరే. నేర్పుతాను.

జూన్ 12

మొదటి క్లాసు. మందుల షాపు పైన ఉన్న మీటింగు గది. ఫ్యాను వేస్తే మాట వినపడదు, ఆపితే ఉడికిపోతాం. ఆపేయించాను. బోర్డు మీద పెద్దగా 'ధైర్యం' అని రాశాను. కొత్తగా వచ్చిన పిల్ల ఏం అడిగినా ముందు ధైర్యం చెప్పండి, తరవాతే పని చెప్పండి అన్నాను. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. మేజర్ రాసుకోలేదు. చేతులు కట్టుకుని, డ్యూటీలో పిల్లల్ని చూసినట్టే బోర్డుని చూసింది.

తరవాత నటన. ఒకరు కొత్తమ్మాయి, ఒకరు సీనియర్. ఎలా చేయాలో చూపిద్దామని సీనియర్‌గా నేనే నిలబడ్డాను. కొత్తమ్మాయిగా ఎవరొస్తారంటే మేజర్ లేచింది. తల వంచుకుని, గొంతు సన్నం చేసుకుని వచ్చింది. ఆ మనిషిలో అంత నటి ఉందని నాకు తెలీదు.

"మేడమ్, మూల బెడ్ ఆయనకి సెలైన్ ఎక్కట్లేదు, చెయ్యి..."

"వాచిందా? మామూలే తల్లీ. సూది పక్కకి జరిగి ఉంటుంది. కంగారు పడకు, తీసేసి ఇంకోచోట పెట్టు."

"వాచలేదు మేడమ్. చెయ్యి ఇవ్వనంటున్నాడు అని చెప్పబోతున్నా."

గదంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఏదో ఒక పేచీ పెట్టకపోతే ఆవిడకి అన్నం అరగదు. మిగతా క్లాసు చాలా బాగా జరిగింది.

జూన్ 24

కొత్త బ్యాచ్ చేరింది. తెల్లబూట్లు కిర్రుకిర్రుమంటూ వరండా అంతా వాళ్లే. మెంటర్లలో ఒకరు తగ్గడంతో నాకూ ఒకమ్మాయిని ఇచ్చారు. మంచిదే, చేసి చూపించొచ్చు.

సన్నగా ఉంటుంది. నడిస్తే చప్పుడు ఉండదు. వెనక్కి తిరిగేసరికి నిలబడి ఉంటుంది, గుండె గుభేలుమంటుంది. పిల్లి అని పేరు పెట్టాను. మేజర్‌కి ఇచ్చిన అమ్మాయి ఇంకో రకం, నోరు మూతపడదు. దానికి వార్డువాళ్లే గడగడ అని పెట్టేశారు. ఇద్దరూ హాస్టల్లో ఒకే గదిలో ఉంటారట.

జూన్ 28

గోడ అవతల మేజర్ కేకలు. గడగడ కూడా తగ్గట్లేదు, ఎదురు చెబుతోంది. "ఎందుకు మేడమ్?" "మరి పొద్దున ఇంకోలా చెప్పారుగా?" సంత. ఆ అమ్మాయి నెల తిరిగేలోపు మూట సర్దుకుంటుంది.

మా వైపు ప్రశాంతం.

జూలై 4

పిల్లి బాగా చేస్తోంది. చెయ్యి తేలిక. ముసలివాళ్లు దానిచేతే ఇంజెక్షన్ చేయించుకుంటామంటున్నారు. ఇవాళ డ్రెస్సింగ్ దగ్గర ఏదో అడగబోయింది, అడక్కముందే చెప్పేశాను. అలా ముందే కనిపెట్టి చెబితే పిల్లలకి అడగాల్సిన ఇబ్బంది ఉండదు. రేపు క్లాసులో ఇది చెప్పాలి.

జూలై 9

పిల్లికి సందేహాలే రావట్లేదు. అంత బాగా కుదురుకుంది.

జూలై 17

రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన చేరాడు. పిత్తాశయంలో రాళ్లు. రేపు ఆపరేషన్, కడుపు మీద చిన్న చిల్లులు పెట్టి చేసేది. పిల్లిని చూడగానే "కండక్టరమ్మా" అని పిలవడం మొదలెట్టాడు. మంచం తోస్తే "రైట్ రైట్" అంటాడు. సూది పొడిచేటప్పుడు "టికెట్ కొట్టారా?" అంటాడు. పిల్లి నవ్వడం ఇవాళే చూశాను.

జూలై 19, శుక్రవారం

వరసగా రాసుకుంటాను. రాస్తే కుదురుతుంది.

నిన్న డ్రైవరు గారి ఆపరేషన్ బాగానే అయింది. ఇవాళ భోజనాలయ్యాక నేను టేబుల్ దగ్గర స్టోర్‌కి పంపే మందుల ఇండెంటు రాస్తున్నాను. పిల్లి వచ్చి నిలబడింది.

"మేడమ్, డ్రైవరు గారికి భుజం నొప్పంటున్నారు..."

"మామూలేనమ్మా. ఆ ఆపరేషన్‌లో కడుపులో గ్యాస్ నింపుతారు కదా, అది భుజంలోకి నొప్పి తెస్తుంది. రేపటికి పోతుంది."

"పల్స్ కూడా..."

"నొప్పి ఉంటే పల్స్ పెరగదూ? బీపీ ఎంతుంది?"

"బీపీ బాగానే ఉంది మేడమ్. కానీ ఆయన మాట్లాడట్లేదు."

"నొప్పిగా ఉన్నప్పుడు ఎవరికి మాట్లాడాలనిపిస్తుంది? భయపడకు. నేనున్నానుగా. నొప్పి మందు టైమైంది, ఇచ్చెయ్యి."

భుజం తట్టి పంపాను. ప్రేమగానే చెప్పాను. వెళ్లింది.

తరవాత మా వార్డు గుమ్మంలో మేజర్ కనిపించింది. వెనకాల పిల్లి. నా వైపు చూడకుండా నేరుగా ఆయన మంచం దగ్గరికి పోయింది. కింది రెప్ప లాగి చూసింది, పొట్ట మీద చెయ్యి వేసింది. అక్కణ్ణించే సర్జన్‌కి ఫోన్ చేసింది. "లోపల రక్తం పోతున్నట్టుంది, మీరిప్పుడే రావాలి" అంది. ఆయన ఏమన్నాడో గానీ, "కాదండీ, ఇప్పుడే" అంది.

సర్జన్ వచ్చేసరికి బీపీ కూడా పడిపోవడం మొదలైంది. రక్తం ఎక్కిస్తూనే థియేటర్‌కి తీసుకెళ్లారు. మంచం పక్కన పరిగెత్తుతూ సెలైన్ సీసా నేనే పట్టుకున్నాను. లోపల రక్తనాళానికి వేసిన క్లిప్పు జారిందట. బతికాడు. ఐసీయూలో ఉన్నాడు.

నేనూ ఇండెంటు అవగానే వెళ్లేదాన్నే. ఇంకో రెండు లైన్లే ఉన్నాయి.

జూలై 20

వెళ్లేదాన్నే. నాకు తెలీని విషయమా?

నా పిల్ల నన్ను దాటుకుని పక్క వార్డుకి వెళ్లడం ఏంటసలు?

జూలై 22

మేట్రన్ గారు పిలిచారు. అక్షింతలు పడతాయనుకుంటూ వెళ్లాను. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"చూశారా, మీ ట్రైనింగు పనిచేసింది. చేరి నెలైనా కాని అమ్మాయి కనిపెట్టి చెప్పింది. పక్క వార్డు సీనియర్ కూడా చెయ్యి వేసింది. పోయినేడైతే ఇది జరిగేదా? వచ్చే వారం యాజమాన్యం మీటింగులో ఇదే చెబుతాను. మీరప్పుడు ఎక్కడున్నారు?"

"అక్కడే ఉన్నానండీ. వేరే పనిలో ఉన్నాను."

అబద్ధం కాదు.

బయట మేజర్ ఎదురైంది. ఆవిడ నోరు విప్పితే అయిపోయేది. విప్పలేదు. "భోంచేశావా?" అని అడిగి వెళ్లిపోయింది. ఆ మనిషి నన్ను ఆ మాట అడగడం ఇదే మొదలు.

జూలై 23

డ్రైవరు గారు కళ్లు తెరిచి మాట్లాడారట. ఐసీయూ వాళ్లు చెప్పారు.

ఆ రోజు నేను ఆయన మంచం దగ్గరికి వెళ్లేదాన్ని కాదు. ఇండెంటు రాసి, టీ తాగి, ఛార్టులు సంతకం చేసి డ్యూటీ దిగేదాన్ని. అలా తట్టి పంపాక మళ్లీ ఆయన ఊసే నా మనసులో లేదు.

జూలై 25

పిల్లి రాజీనామా ఇచ్చింది. నాకు కాదు, ఆఫీసులో. మేట్రన్ గారు తెల్లబోయి నాకు కబురు పెట్టారు. "బంగారం లాంటి పిల్ల, మీరు మాట్లాడండి, మీ మాటైతే వింటుంది" అన్నారు.

దుప్పట్ల గదిలో దొరికింది. మడతలు పెడుతోంది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. నాలుక చివరదాకా వచ్చింది, అమ్మా భయపడకు అని. ఎలా మింగానో నాకే తెలీదు. "ఎందుకు?" అని మాత్రం అడిగాను.

చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తి చేసింది. తరవాత అంది.

"నేను భయపడుతున్నానని మీతో ఎప్పుడూ అనలేదు మేడమ్. ఆ రోజు చెప్పడానికి వచ్చాను. పల్స్ ప్రతిసారీ కొంచెం పైకి పోతోంది. మంచినీళ్లు అడుగుతున్నారు, తాగిన సంగతి మర్చిపోయి మళ్లీ అడుగుతున్నారు. పొద్దున్నుంచి నన్ను ఒక్కసారీ కండక్టరమ్మా అనలేదు. అవన్నీ వరస పెట్టుకుని వచ్చాను. మీరు ధైర్యం చెప్పి పంపారు. నాకు ధైర్యం ఉంది మేడమ్. నాకు కావాల్సింది మీ నోరు. నేను ఫోన్ చేస్తే సర్జన్ గారు నువ్వెవరంటారు. మీరు చేస్తే వస్తారు."

"మరి మేజర్ దగ్గరికి ఎలా వెళ్లావు? ఆవిడంటే అందరికీ హడల్ కదా."

"గడగడ చెప్పింది. మా మేడమ్ తిడుతుంది గానీ తిట్టేముందు వింటుంది అని. తిట్టాలన్నా మొత్తం వినాలి కదా మేడమ్."

నేనూ ఒక దుప్పటి అందుకుని మడత పెట్టడం మొదలెట్టాను. అది ఆపలేదు.

"మీరు మంచివాళ్లు. అదే కష్టంగా ఉంది. కసిరితే ఎదురు చెప్పొచ్చు. తల నిమిరేవాళ్లకి ఏమని ఎదురు చెప్పను? ఈసారి మేజర్ మేడమ్ డ్యూటీలో ఉన్నారు. లేకపోతే? ఆయన చనిపోయేవారు, నేను తెలిసి కూడా పక్కన నిలబడి ఉండేదాన్ని. అలా బతకలేను. అందుకే వెళ్లిపోతున్నా."

దాని గొంతు అంత సేపు వినడం ఇదే మొదటిసారి. గొంతు సన్నం కూడా కాదు, బాగా నిండుగా ఉంది.

రాజీనామా వెనక్కి తీసుకోమని అడగలేదు. వారం రోజులు సెలవు పెట్టి ఇంటికెళ్లి రా, వచ్చాక చెప్పు అన్నాను. తల ఊపింది.

జూలై 26

అత్తయ్యతో చెప్పాను, మొత్తం. మోకాలికి నూనె రాసుకుంటూ విన్నారు.

"ఆ అమ్మాయి ఇప్పుడు చెప్పింది. నేను నీ పెళ్లైనప్పటి నుంచి చెబుతున్నా" అన్నారు.

"ఏం చెప్పారు?"

"చెప్పనిస్తేగా."

ఈయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు వణుకుతోంది.

జూలై 29

క్లాసు. మెంటర్లందరూ వచ్చారు. మీటింగులో చెప్పబోయే మా ఘనత గురించి అప్పటికే అందరికీ తెలిసి, చప్పట్లు కొట్టారు.

బోర్డు తుడిచి, జూలై పంతొమ్మిదిన జరిగింది జరిగినట్టు చెప్పాను. పిల్లి ఏమంది, నేనేమన్నాను, మాటకి మాట. ఏ మాట దగ్గర నేను అడ్డుపడ్డానో అక్కడల్లా ఆగాను. చాలాసార్లు ఆగాల్సి వచ్చింది. నా మాటలు నేనే వింటూ ఉంటే నాకే ఆ మనిషి మీద ఒళ్లు మండింది.

ఉక్కపోత. తరవాత పిల్లల వార్డు ఆవిడ మెల్లిగా, "పోయిన వారం నేనూ ఇలాగే ఒకమ్మాయిని పంపేశాను, ఏం చెప్పడానికి వచ్చిందో ఇప్పటికీ తెలీదు" అంది. అక్కణ్ణించి ఒకరి తరవాత ఒకరు మొదలెట్టారు.

మేజర్ చివర్లో లేచింది. పిల్లిని నీ కింద పెట్టుకుంటావా అని నేనే ముందుగా అడిగి ఉన్నాను.

"పెట్టుకుంటాలే గానీ, నా దగ్గర వినడం ఒక్కటే బాగుంటుంది, ఆ తరవాతది బాగోదు" అంది. "పోయినేడు నా దగ్గర్నుంచి పోయిన పిల్లలున్నారు. బట్టల షాపులో ఉన్నది నా పిల్లే. తప్పు చెబితే అరిచాను, ఒప్పు చెప్పినా అరిచాను. తేడా దానికెలా తెలుస్తుంది?"

అందరం కలిసి ఒక పద్ధతి అనుకున్నాం. కొత్తమ్మాయి వచ్చి ఏదైనా చెబితే, సీనియర్ ముందు అది చెప్పిందే తిరిగి చెప్పాలి. 'నువ్వు చెప్పింది ఇదీ, అంతేనా?' అని. అది అవునన్నాకే మన మాట. తిట్టేవాళ్లకీ, తల నిమిరేవాళ్లకీ ఒకటే రూలు. నటన మళ్లీ చేశాం. నేను రెండుసార్లు ఓడిపోయాను. మేజర్ మొదటిసారే నెగ్గి, నెగ్గినందుకు అరిచింది.

జూలై 30

మేట్రన్ గారికీ చెప్పేశాను. మొహం మాడిపోయింది. "ఇది మీటింగులో చెబితే ట్రైనింగ్ ఆపేస్తారండీ" అన్నారు.

"చెప్పకపోతే నడిపించి లాభం లేదండీ. నేనే వచ్చి చెబుతాను. పిల్ల కనిపెట్టింది, సీనియర్ వినలేదు, ఇంకో సీనియర్ విన్నది. వినడం ఎలా నేర్పాలో ఇప్పుడు మాకు తెలిసింది. ఏజెన్సీ మనిషైతే ఆయన కండక్టరమ్మా అనడం మానేశాడని కనిపెట్టగలదా అని అడుగుతాను."

పెన్ను మూత బిగించారు. "గట్టిగా అడగండి" అన్నారు చివరికి.

ఇంటికొచ్చాక కొత్త పద్ధతి అత్తయ్య మీద ప్రయోగించాను. మీరు చెప్పింది ఇదీ, అంతేనా అత్తయ్యా? అంతే కాదట. మోకాళ్ల దగ్గర మొదలై, ఆవిడ చిన్నత్త కూతురి పెళ్లి దాకా వెళ్లింది. కూర మాడింది. కానీ ఎడమ మోకాలు నొప్పి కాదట, మెట్లు దిగేటప్పుడు మడత పడిపోతోందట. రెండూ ఒకటి కాదు. సోమవారం ఎముకల డాక్టరుకి చూపించాలి.

ఆగస్టు 1

మీటింగు అయింది. అడిగాను, గట్టిగానే. కోటు వేసుకున్న ఒకాయన "అంటే తప్పు మీదేనా?" అన్నాడు. "అవునండీ, అందుకే నేర్పడానికి నాకంటే తగినవాళ్లు లేరు" అన్నాను. మేట్రన్ గారు దగ్గారు. ఏడాది చివరిదాకా నడపమన్నారు.

ఆగస్టు 2

పిల్లి రేపు రావాలి.

డ్రైవరు గారు ఇంటికెళ్లారు. వీల్‌ఛైర్‌లో గుమ్మం దాటుతూ నా వార్డు వైపు చూసి, "మా కండక్టరు ఏది?" అన్నారు. సెలవులో ఉందన్నాను.

ఆగస్టు 3, శనివారం

పొద్దున రాలేదు. డ్యూటీ ఛార్టులో పిల్లి గడి ఖాళీగా ఉంది. మేజర్ గోడ అవతల్నుంచి వచ్చి, ఒకసారి వార్డంతా చూసి వెళ్లింది.

ఆగస్టు 5

ఇవాళ వచ్చింది. బస్సు దొరకలేదట, ఆఫీసులో చెప్పిందట, నాకెవరూ చెప్పలేదు.

తీసుకెళ్లి కూర్చోబెట్టాను. మేజర్ ఒప్పుకుంది, అక్కడికి మారొచ్చు, లేదా నీ ఇష్టం అన్నాను. రాజీనామా వెనక్కి తీసుకుంటానంది. ఎక్కడ చేస్తావంటే, "ఇక్కడే" అంది.

"ఎందుకు?"

"క్లాసులో మీరు చెప్పింది మేజర్ మేడమ్ గడగడకి చెప్పారట, అది నాకు ఫోన్లో మొత్తం వినిపించింది మేడమ్. మా అమ్మ కూడా విన్నది. నేను మారితే మీ దగ్గరికి ఇంకొకరొస్తారు. వాళ్లు మళ్లీ మొదటినుంచి మొదలెట్టాలి. నాకైతే మీరు ఎక్కడ అడ్డుపడతారో తెలుసు."

ఇలాంటి మాట అనేముందు మనుషులు కాస్త నవ్వుతారు. అది నవ్వలేదు. నాకూ కోపం రాలేదు. వచ్చిందేమో, కొంచెం.

మధ్యాహ్నం రౌండ్స్‌కి ముందు నా టేబుల్ దగ్గరికి వచ్చింది. కిటికీ పక్కన బెడ్‌లో పేగు ఆపరేషన్ అయినావిడ గురించి. కాలు లాగుతోందంటోంది, ఒక్క కాలే, పిక్క దగ్గర వేడిగా ఉంది, రెండో కాలితో పోలిస్తే లావుగా ఉంది. నాకు తట్టేసింది. కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందేమో, స్కాన్ కావాలి. నోటిదాకా వచ్చింది. ఆపుకుని, అది చెప్పిందంతా తిరిగి చెప్పాను. ఒక కాలే, పిక్క, వేడి, లావు.

"అంతేనా?" అన్నాను, చెయ్యి అప్పటికే ఫోన్ మీద ఉంది.

"ఇంకా అవలేదు మేడమ్" అంది.

అవలేదట. ఫోన్ మీద చెయ్యి అలాగే ఉంచి, దాని మొహంలోకి చూస్తూ నిలబడ్డాను. చెప్పింది.